మేక కొరికిన చీర

ఆ రోజుల్లో టీవీలో ఉద్యోగమంటే మా నగరిలో చాలామందికి తెలిసిన అర్థం ఒక్కటే, పాడైపోయిన టీవీని విప్పి బాగుచేయడం. ఎనభైల మొదట్లోని మాట ఇది. తిరుపతిలో డిగ్రీ అయ్యాక నేను హైదరాబాదు వెళ్ళి, అక్కడి టీవీ కేంద్రంలో పిలిచిన రోజు వెళ్ళి పిలవని రోజు గదిలో కూర్చునే పద్ధతిలో కుదురుకున్నాను. (కుదురుకోవడం అన్నది మా నాయన వాడిన మాట. అక్కడ నాకు కుదురుగా కూర్చోడానికి ఒక కుర్చీ కూడా లేదు.) ఆ సంగతి తెలియని మా వీధివాళ్ళు నేను ఇంటికి రాగానే మూలబడ్డ సామానంతా మోసుకొచ్చేవాళ్ళు. ఎదురింటి పెద్దమ్మ తన ట్రాన్సిస్టరు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "రొంత సూడు పాపా, వానలప్పట్నుంచీ గొరగొరమంటాండాది," అనేది. నాకు రిపేరు రాదని చెబితే నమ్మేది కాదు. "పెద్ద ఉద్యోగం గదా, మావి సూసేదానికి తీరికుండదులే," అని మూతి తిప్పుకునేది. ఒకసారి ఆ పోరు పడలేక వెనక మూత విప్పి, లోపల కాపురముంటున్న బొద్దింకను తీసి పారేశాను. అది మోగింది! ఆ తరువాత నా మాట అసలే ఎవరూ నమ్మలేదు.

మా నాయన కష్టం ఇంకో రకం. మాది నేత ఇల్లు. ముందు గదిలో రెండు మరమగ్గాలు, వెనక వసారాలో మా మేనత్త నేసే గుంట మగ్గం ఒకటి. మామ పోయాక అత్త మా దగ్గరే ఉండేది. నాయన రోజంతా మరమగ్గాల మధ్య నిలబడి, సాయంత్రం కాగానే ముఖం కడుక్కుని సినిమా హాలు ఓనరు ఇంటి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. ఊరికంతా టీవీ ఉన్నది ఆయన ఇంట్లోనే. మేడ మీద కొబ్బరిచెట్టంత గొట్టం పాతి, దాని తలకాయ మద్రాసు వైపు తిప్పి పెట్టుకున్నాడు. అరవ వార్తలు, అరవ నాటకాలు చక్కగా వచ్చేవి. హైదరాబాదు నుంచి బయలుదేరిన తెలుగు మాత్రం దారిలో ఏ కొండకి తగులుకునేదో, మా ఊరిదాకా వచ్చేది కాదు. అయినా నాయన ఆశ చంపుకోకుండా, అరవం మాట్లాడుతున్న ఆడవాళ్ళ ముఖాలన్నిటిలో నా ముఖం వెతికేవాడు. "ఏమప్పా, మీ పాప టీవీలో ఉండాదంటివే, యాడ?" అని ఎవరైనా అడిగితే, "అది వేరే టీవీలోబ్బా," అనేవాడు. "టీవీల్లో మళ్ళా వేరే టీవీ యాడుంటాది?" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన నవ్వకుండా ఇంటికి వచ్చేవాడు.

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. హైదరాబాదు టీవీ మా ఊరిదాకా వచ్చినా నాయనకు నేను కనిపించేదాన్ని కాదు. నేను చేసేది తప్పిపోయినవాళ్ళ ప్రకటనలు చదవడం. తెర మీద తప్పిపోయిన మనిషి ఫోటో ఉంటుంది, వెనక నా గొంతు ఉంటుంది. "చామనచాయ, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ, ఒంటి మీద నీలం చొక్కా." ఆరు నెలల్లో నా కెరీరు అంతా అదే. ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం "నేను వారానికి మూడుసార్లు టీవీలో వస్తున్నాను" అని రాశాను. అబద్ధమేమీ కాదు, కాస్త పొదుపుగా చెప్పిన నిజం.

అలాంటి రోజుల్లో మా ప్రొడ్యూసరు నేతపనివాళ్ళ మీద ఒక కార్యక్రమం తీయాలని మీటింగు పెట్టాడు. కృష్ణ ఒడ్డు మనిషి, మాట్లాడినా అచ్చువేసినట్టే మాట్లాడేవాడు. మా నగరి పేరు వినగానే నా చెయ్యి నన్ను అడక్కుండానే పైకి లేచింది. "మా వీధే సార్! అక్కడ రాళ్ళు కూడా నాతో మాట్లాడతాయి," అన్నాను. ఆయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, "రాళ్ళు అవసరం లేదమ్మా, మనుషులు మాట్లాడితే చాలు," అన్నాడు. తరువాత గదిలోకి పిలిచి మెల్లగా చెప్పాడు. "ఇది బాగా వస్తే వారానికి ఒక కార్యక్రమం నీ చేత చేయిస్తాను. రాకపోతే తప్పిపోయినవాళ్ళు ఎటూ ఉన్నారు. వాళ్ళను చదవడానికి కూడా ఇంకో ఇద్దరు అమ్మాయిలు దరఖాస్తు పెట్టుకున్నారు." ఆ రాత్రే నాయనకి ఉత్తరం రాశాను. ఈసారి టీవీయే మన వీధికి వస్తోందని.

నలుగురం తిరుపతిలో దిగాం. నేను, ప్రొడ్యూసరు, పొడుగన్న అని మేం పిలిచే కెమెరామన్ (రోజుకి పది మాటలకి మించి మాట్లాడేవాడు కాదు), ఎప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉండే సౌండు మనిషి. ఇంత దూరం వచ్చాం కదా అని ప్రొడ్యూసరు ముందుగా కొండెక్కి తలనీలాలు ఇచ్చి, నున్నటి గుండు మీద చందనం పూసుకుని దిగాడు. మర్నాడు పొద్దున వ్యాను మా వీధిలో ఆగగానే మా వాళ్ళు ఆయనకు పేరు పెట్టేశారు. ఆ రోజంతా ఆయన గుండు సారే. నేను వ్యాను దిగీ దిగకముందే ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. పలకరించడానికి కాదు, చీర చూడ్డానికి. హైదరాబాదులో కొనుక్కున్న పూల పూల నైలాను చీర కట్టుకుని దిగాను మరి. ఎదురింటి పెద్దమ్మ నా కొంగు తిరగేసి, వేళ్ళతో నలిపి చూసింది. "నేసేవాళ్ళ మీద సినిమా తీసేదానికి వచ్చి, ఈ గుడ్డ కట్టుకోనొస్తివా? నీకేమన్నా ఉండాదా అమ్మీ?" అంది. రెండో నిమిషంలో నన్ను ఇంట్లోకి లాక్కెళ్ళి ఆమె చేనేత చీర చుట్టబెట్టారు. నా దర్జాలో సగం అక్కడే, ఆ తలుపు వెనకే ఊడిపోయింది.

మా దగ్గర మూడు డబ్బాల ఫిల్ము ఉంది. ఒక్కో డబ్బా పది నిమిషాలు తిరుగుతుంది, అంతే. ఒకసారి తిరిగిందంటే చెరపడం, మళ్ళీ తీయడం ఉండదు. ప్రొడ్యూసరు నా చేతికి మైకు, టైపు చేసిన ప్రశ్నల కాగితం ఇచ్చాడు. మొదట కూర్చున్నది వీధిలో అందరికంటే పెద్దవాడు, నాడె తాత. నేసే రోజుల్లో పడుగు మధ్య అటూ ఇటూ ఆయన విసిరిన నాడె కంటికి కనిపించేది కాదని ఆ పేరు. మాటకారి. అరుగు మీద కూర్చుంటే ఇద్దరు మనుషులు పట్టుకెళితే తప్ప మాట ఆపడు. నేను ధీమాగా కాగితం చూసి, "నేత కార్మికుల ఆర్థిక స్థితిగతుల గురించి తమరి అభిప్రాయం?" అని చదివాను. తాత బదులు చెప్పలేదు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి, రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టి, రెప్ప వేయకుండా కెమెరాలోకి చూస్తున్నాడు. "తాతా, చెప్పు," అన్నాను. పెదవులు కదలకుండా, పళ్ళ సందులోంచి, "బాగుండాము," అన్నాడు. నూలు సంగతి అడిగాను. "బాగుండాది." కరెంటు కోతలు? "బాగుండాయి." చివరికి కెమెరా ఆపాక బుస్సున గాలి వదిలి, "ఫోటో తీసేటప్పుడు మాట్లాడితే మొగం సెదిరిపోతాది గదమ్మీ. నీకు తెలీదా?" అని నన్నే మందలించాడు. ఆయన జీవితంలో అంతకు ముందు తీయించుకున్న ఫోటో ఒక్కటే, పెళ్ళిలో.

తరువాత పెద్దమ్మ. ఆమెకు కెమెరా అంటే భయమే లేదు. అసలు అది అక్కడ ఉందనే పట్టించుకోలేదు. నేను ప్రశ్న చదువుతుండగానే ఆమె నా గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి, "ఏంది ఇట్లా ఎండిపోయినావు? ఆడ అన్నం పెట్టరా? తలకి నూనె యాడ?" అంది. నేను మళ్ళీ కాగితం అందుకున్నాను. "అది ఆమైన అడుగుదువుగానీ. పుత్తూరులో మా తమ్ముడి కొడుకొకడుండాడు. వాళ్ళది ఎముకలు కట్టే ఇల్లు. ఎప్పుడూ జనమే. పిల్లోడు బంగారం. నువ్వు ఊ అను, రేపే మాట్లాడతాను." కెమెరా గిర్రున తిరుగుతూనే ఉంది. పొడుగన్న భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వుతున్నాడని కాసేపటికి గాని అర్థం కాలేదు. ఒకటో డబ్బా అయిపోయింది. అందులో నేతపని గురించి ఉన్నది "బాగుండాము" ఒక్కటే, మిగిలిందంతా నా పెళ్ళి.

ఇంతలో సౌండు మనిషి హెడ్‌ఫోన్లు తీసి, ఇంతసేపు తనకు వినబడినది ఏమిటో నన్నూ వినమన్నాడు. టకటక టకటక టకటక. మా వీధిలో నలభై ఇళ్ళు, ఇంటికి రెండు మరమగ్గాలు. మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటైపోయి ఆ చప్పుడు మా చెవికి తెలియదు. మైకుకు ఆ అలవాటు లేదు కదా. మగ్గాలు ఆపించాలి అన్నాడు ప్రొడ్యూసరు. నడుస్తున్న మగ్గం ఆపమంటే మా వీధిలో ఎవరూ ఒప్పుకోరు. నాయన ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. "ఒక్క అరగంటబ్బా, మా అమ్మి కోసరం" అంటున్న ఆయన మాట నాకు వీధి చివరి నుంచి కూడా వినిపిస్తోంది. ఒక్కొక్కటే ఆగాయి. చిట్టచివరి మగ్గం కూడా ఆగాక వీధిలో నేను ఎన్నడూ వినని నిశ్శబ్దం పరుచుకుంది. సౌండు మనిషి ముఖం వెలిగింది. పొడుగన్న రెండో డబ్బా ఎక్కించాడు. నేను నోరు తెరిచాను. అప్పుడు ఏడుపు మొదలైంది. ముందు ఒక ఇంట్లో, తరువాత పక్కింట్లో, ఆ తరువాత రెండు వైపులా. మా వీధి పసిపిల్లలు కడుపులో ఉన్నప్పటి నుంచీ మగ్గాల చప్పుడుకే నిద్రపోతారు. ఆ జోలపాట ఒక్కసారిగా ఆగేసరికి ఉయ్యాలల్లో ఉన్నవాళ్ళందరూ ఉలిక్కిపడి లేచారు. తల్లులు పరుగెత్తారు. "మగ్గం ఏసేయండప్పా, పిల్లోడు బెదిరిపోయినాడు!" అని ఎవరో అరిచారు. అన్ని మగ్గాలూ మళ్ళీ మొదలయ్యాయి. పిల్లలు ఏడుపు ఆపి పడుకున్నారు. రెండో డబ్బాలో పిల్లల ఏడుపు బ్రహ్మాండంగా పడింది.

ప్రొడ్యూసరు గుండు మీద చందనం చెమటకి కరిగి కళ్ళద్దాల మీదికి కారుతోంది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ మర్యాదగా, "ఉన్న డబ్బాతో మగ్గాలవీ, దారాలవీ నాలుగు దృశ్యాలు తీసుకుని వెళ్ళిపోదాం. మాటలు హైదరాబాదులో ఎవరి చేతనైనా చదివిద్దాం," అన్నాడు. ఎవరి చేతనైనా అంటే నా చేత కాదని నాకు అర్థమైంది. పక్కనే నిలబడ్డ నాయనకు కూడా అర్థమైంది. ఆయన భుజం మీది తుండుగుడ్డ తీసి దులిపి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ సమయానికి మా అత్త వాకిట్లోకి వచ్చి, "ఎంత గొప్ప పనైనా కడుపు తరవాతే గదా! బిన్నా రాండి, సంగటి సల్లారిపోతాది," అని అందర్నీ లోపలికి తోలింది. రాగి సంగటి, నంజుకోడానికి చెనిగ్గింజల ఊరుబిండి. ప్రొడ్యూసరు అది ఎలా తినాలో తెలియక చెంచా అడిగాడు. అత్త చెంచా ఇవ్వలేదు, ముద్ద ఎలా చేయాలో చూపించింది. ఆయన మూడు ముద్దలు తిన్నాడు. నేను మాత్రం ముద్దను కంచంలో అటూ ఇటూ దొర్లిస్తున్నాను. "మీ గుండు సారు రాసిచ్చిందే అడగల్లనా?" అంది అత్త నాకు మాత్రమే వినబడేలా. "స్థితి అంట, గతి అంట! అట్లడిగితే ఎవురు సెప్తారు? నువ్వు ఆ తాత ఒళ్ళో పెరిగినదానివే గదా, మనిషిని అడిగినట్టు అడగరాదా?" ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. చెయ్యి కడుక్కుని నేరుగా ప్రొడ్యూసరు దగ్గరికి వెళ్ళాను. "సార్, ఆ మిగిలిన డబ్బా నాకివ్వండి. మా అత్తతో మాట్లాడతాను. కాగితం లేకుండా," అన్నాను. "ఇంతవరకూ జరిగింది చాలదా అమ్మా?" అన్నాడాయన. అప్పుడు పొడుగన్న ఆ రోజుకి మొదటిసారి నోరు విప్పాడు. "ఇవ్వండి సార్. వెనక వసారాలో వెలుతురు బాగుంది. ముందు గదిలో మరమగ్గాలు ఆపితే చాలు, గుంట మగ్గం చప్పుడు తక్కువ." ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడ్డం చూసి ప్రొడ్యూసరు కంగారుపడి సరే అన్నాడు.

అత్త ఒక్క షరతు పెట్టింది. "ఊరికే కూసోని మాట్లాడితే నా కండెలెవురు సుడతారు? నువ్వు సుట్టు, నేను మాట్లాడతా." నేను రాట్నం ముందు కూర్చుని కండెకు నూలు చుట్టడం మొదలుపెట్టాను. అత్త మగ్గం గుంటలో కాళ్ళు దింపి కూర్చుని నాడె అందుకుంది. మైకు సౌండు మనిషి పట్టుకున్నాడు. నా చేతిలో కాగితం లేదు, బుర్రలో ప్రశ్న లేదు. రాట్నం తిప్పుతూ అత్త వైపు చూశాను. మాసిన, అంచు లేని మిల్లు చీర కట్టుకుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె అలాంటివే కడుతుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగాలని తోచని మాట నోటికొచ్చింది. "అత్తా, ఇన్ని చీరలు నేసినావే, ఒక్కటన్నా నువ్వు కట్టుకోవాలని ఎప్పుడన్నా అనిపించిందా?"

అత్త చేతిలో నాడె ఆగింది. నవ్వింది. "ఎందుకనిపించదు? నేను ఆడదాన్ని కాదా? ఒగతూరి కట్టుకున్నా గూడా."

"ఎప్పుడు?"

"నువ్వు సిన్నపిల్లవు. తిరపతిలో ఒక పెద్దింటోళ్ళు పెండ్లికి సీర సెప్పినారు. నెమలికంఠం రంగు, అరిటాకు పచ్చంచు. మగ్గం మీద నుంచి కోసి సూస్తే నాకే కండ్లు సెదిరిపాయ. తెల్లారితే మీ నాయన తీసకపోయి ఇచ్చేస్తాడు. ఆ పొద్దు ఇంట్లో ఎవురూ లేరు. తలుపేసి కట్టుకుంటిని. కట్టుకున్నాక గమ్మునుంటామా? నడవల్ల గదా. పెరట్లో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిస్తిని. సూసేదానికెవురుండారు? మన మేక ఒగటే ఉండె. సరే, దానికన్నా సూపిస్తామని ఇట్లా కొంగు పరిసి తిరిగినా."

"అది చూసిందా?"

"సూసింది. నచ్చింది గూడా. కొంగు నోట్లో పెట్టుకునింది!" అత్త నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "అరిటాకు పచ్చ గదా, అరిటాకే అనుకునిందో ఏమో! నేను ఇట్లా లాగితే అది అట్లా లాగింది. జానెడు పాయ. ఏం జేసేది? మళ్ళా పడుగేసి మొదట్నుంచీ ఇంకొగటి నేసిచ్చినా. ఇది నాకు మిగిలిపాయ. ఆ పెట్టెలో ఉండాది, తియ్యి, సూపిస్తా."

పెట్టె తెరిచి చీర తీశాను. నెమలికంఠం ఇంకా నెమలికంఠంలాగే ఉంది. కొంగు మూల మాత్రం అర్ధచంద్రంలా తెగి ఉంది, పళ్ళ గుర్తులతో సహా. అత్త ఆ మూలను వేళ్ళతో నిమిరింది. "కొరికిందని ఆ పొద్దు దాన్ని కొట్టినా. తరవాత అనిపించింది, అది కొరకబట్టే గదా నేను నేసిన సీర నాకొగటి మిగిలింది. లేకుంటే ఈ జన్మకి యాడ?" అని, నా చేతులు ఆగిపోవడం చూసి, "నిలపగాకు, తిప్పు, కండెలు సాలవు," అంది.

ఆ క్షణంలో గుమ్మం దగ్గర నుంచి, "అక్కా!" అని పెద్ద కేక. మా నాయన. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు. "నూలు సచ్చుది, మగ్గం మీదే తెగిపాయ అని నాతో సెప్తివి గదా!"

"నీకు నిజం సెప్తే నన్ను బతకనిస్తావా? గమ్మునుండు, ఆడ మిషను తిరగతాండాది."

"తిరగనీ! సచ్చు నూలిచ్చినాడని నేను నూలంగడాయన గొంతు పట్టుకుంటినే! పన్నెండేండ్లుగా ఆయనా నేనూ ఎదురుపడితే మొగం తిప్పుకోని పోతాండామే! అదంతా మేకా?"

"మేకే," అంది అత్త తాపీగా, నాడె విసురుతూ.

నాయన నోరు తెరిచాడు. అందులోంచి మాటకు బదులు నవ్వు వచ్చింది. మా నాయన అలా గుమ్మం పట్టుకుని, ఒంగిపోయి నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. అత్త కూడా మొదలుపెట్టింది. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ ఒకర్ని చూసి ఒకరు నవ్వుతూ ఉండగానే కెమెరాలో టపటపమని శబ్దం వచ్చి ఫిల్ము అయిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే మా ప్రొడ్యూసరు గోడకి ఆనుకుని కూలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు ఒక చేతిలో, రుమాలు ఒక చేతిలో. ఆయన ఆ రోజు అచ్చువేయని మాట ఒకటి అన్నాడు. "సంపేశావు పిల్లా!"

అది హైదరాబాదు కేంద్రంలో ప్రసారమైన వారానికి ఆఫీసులో ఉత్తరాల సంచి నా ముందు కుమ్మరించారు. ఏ ఊరి నుంచో ఒకామె, నలభై ఏళ్ళుగా కుండలు చేస్తూ పగిలిన కుండలోనే వండుకుంటున్నానని రాసింది. దర్జీ భార్య ఒకామె, ఇంకొకరి కొలతకు కుట్టి చెడగొట్టిన రవికలే తన పెళ్ళి నుంచీ వేసుకుంటున్నానని రాసింది. వాటిల్లో ఏడు ఉత్తరాలు మేకను మెచ్చుకున్నాయి. ప్రొడ్యూసరు వారానికి ఒక కార్యక్రమం నాకు ఇచ్చేశాడు, మరుసటి రోజు నుంచి నాకు కుర్చీ కూడా వచ్చింది. మా ఊరి నుంచి మాత్రం నాయన కార్డు వచ్చింది. "ఇక్కడ ఎవరూ చూడలేదు. వచ్చిందని నేను చెబితే, వేరే టీవీలోనా అని అడుగుతున్నారు." కార్డు ప్రొడ్యూసరుకి చూపించాను. ఆయన వెంటనే ఫోను తీసి, చిత్తూరులో ప్రచార శాఖలో ఉన్న స్నేహితుడిని పట్టుకున్నాడు. ఆయన జీపు, ఆయన ప్రొజెక్టరు, మా కార్యక్రమం ప్రింటు. ఒక ఆదివారం పొద్దున పదింటికి, ఆట లేని వేళ, ఓనరు తన సినిమా హాలు ఇచ్చాడు.

ఆ హాల్లోకి నేను భయపడుతూ వెళ్ళాను. ఎందుకంటే నాకు తెలిసినదీ, నాయనకు తెలియనిదీ ఒకటుంది. పొడుగన్న ఆ రోజు వెలుతురంతా అత్త వైపు ఉందని కెమెరాను అటే పెట్టాడు. కార్యక్రమం మొత్తంలో నేను కనిపించేది మోచేతి దాకా. రాట్నం తిప్పే చెయ్యి, పెట్టెలోంచి చీర తీసే చెయ్యి, అంతే. మా నాయనేమో పది రోజుల ముందు నుంచీ ఊరంతా తిరిగి జనాన్ని పిలిచాడు. ఎంత దూరం వెళ్ళాడంటే, నూలంగడి ఆయన ఇంటికి వెళ్ళి, గడప బయట నిలబడి, "తప్పు నాది కాదన్నా, మేకది," అని చెప్పి ఆయన్ను కూడా పిలుచుకొచ్చాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

ఆట మొదలైంది. తాత తెర మీద రెండు క్షణాలు కనిపించాడు, కదలకుండా. "సూస్తిరా, ఎంత నిక్కంగా వచ్చిందో!" అని హాల్లోంచి ఆయన గొంతు. అత్త కనిపించగానే ఈలలు. మా అత్త ముందు వరసలో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఒక కంటితో తనను తాను చూసుకుంటోంది. మేక కొంగు నోట్లో పెట్టుకుందని తెర మీద అత్త చెప్పేసరికి హాలు హాలంతా గొల్లుమంది. నూలంగడి ఆయన మా నాయన వీపు మీద ఒక్కటి చరిచాడు. అది నవ్వో, పన్నెండేళ్ళ బాకీయో చెప్పలేను. ఆ నవ్వుల మధ్య వెనక నుంచి ఎవరో అడగనే అడిగారు. "అంతా బాగుండాది గానీ, మీ పాప యాడప్పా? గొంతు ఇనిపిస్తాండాది, మనిషి లేదే?"

చెప్పాల్సింది ముందే చెప్పాను కాదే అని నన్ను నేను తిట్టుకున్నాను. నాయన కుర్చీలోంచి లేచాడు. నేరుగా ప్రొజెక్టరు వెలుతుర్లోకి నడిచి, తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన నీడ తెర మీద పడింది. తెర మీద రాట్నం తిరుగుతోంది. ఆయన వేలు పెట్టి ఆ చేతిని చూపించాడు. "ఇదో! ఈ సెయ్యి మా అమ్మిది! సూడండి, నూలు తెగకుండా, వడి సడలకుండా ఎట్లా సుడతాందో! మొగం ఎవురికైనా ఉంటాదబ్బా, ఇట్లా సుట్టేది మా ఇంటి సెయ్యే!" అన్నాడు. హాలంతా నేతవాళ్ళే కదా. ఒక్క నిమిషం అందరూ కార్యక్రమం వదిలేసి నా చేతి పని చూశారు. తరువాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పెద్దమ్మ లేచి నిలబడి, "ఆ గాజులు నేనిచ్చినవే!" అని ఊరందరికీ వినబడేలా చెప్పింది. (అవి ఆమె ఇచ్చినవి కావు. కానీ ఆ రోజు ఎవరికి ఏ వాటా కావాలంటే అది ఇచ్చేశాను.)

ఆ తరువాత నా ముఖం టీవీలో చాలా ఏళ్ళు కనిపించింది. మంత్రుల్ని ప్రశ్నలు అడిగాను, తుఫానుల్లో గొడుగు ఎగిరిపోతుండగా వార్తలు చెప్పాను, పెద్ద పెద్ద సభల్లో దండలు వేయించుకున్నాను. కానీ ఆ ఆదివారం హాలు నుంచి ఇంటికి నడిచి వెళ్ళిన ఇరవై రెండేళ్ళ పిల్లంత గర్వంగా నేను మళ్ళీ ఎప్పుడూ నడవలేదు. నాలుగడుగులకొకరు ఆపి, చెయ్యి పట్టుకుని, తిప్పి చూసి వదులుతున్నారు. ఆ పిల్ల తల ఎత్తుకుని, కుడిచెయ్యిని ఒంటికి తగలనీయకుండా కాస్త ఎడంగా పట్టుకుని, అప్పుడే రంగు వేసి ఇంకా ఆరని వస్తువులా జాగ్రత్తగా మోసుకుంటూ వెళుతోంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎవరైనా దాని భుజం తట్టి, "అమ్మీ, ఆరిపోయిందిలే, చెయ్యి దించు," అని చెప్పి ఉండాల్సింది. ఎవరూ చెప్పలేదు. చెప్పనందుకు వాళ్ళందరికీ నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.